మ్యూజ్: దేవతా, ఆలోచనా, ఎదురుగా కూర్చున్న మనిషా

ఇంగ్లీషు సాహిత్యం చదివే తెలుగువాళ్ళను పదేపదే తికమక పెట్టే మాట మ్యూజ్. మిల్టన్ దగ్గర అది ఆకాశం నుంచి దిగివచ్చే దేవత. షేక్‌స్పియర్ సానెట్లలో, అంటే పద్నాలుగు పాదాల పద్యాల్లో, ఒకచోట కవి ప్రతిభ, మరోచోట కవి అభిమానించిన యువకుడు. థామస్ గ్రే ఎలిజీలో, అంటే స్మృతిగీతంలో, సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కిన పల్లెటూరి మనిషి. నవలల్లో మాటల చివర ‘హీ మ్యూజ్డ్’ అని వస్తే, ఆ పాత్ర ఆలోచనలో పడి తనలో తాను అనుకున్నాడని. ఇప్పటి పత్రికల్లోనైతే ఫలానా నటి ఫలానా డిజైనరుకు మ్యూజ్. వీటన్నిటికీ ‘కవితాదేవత’ అనే ఒకే అర్థం పెట్టుకుంటే గ్రే పద్యంలో ‘చదువురాని దేవత’ తయారవుతుంది. అక్కడితో పద్యం అర్థం కావడం ఆగిపోతుంది.

ఈ చిక్కు విడాలంటే రెండు సంగతులు తెలియాలి. మొదటిది, ఆలోచించడాన్ని చెప్పే క్రియ, దేవతను చెప్పే నామవాచకం పుట్టుకలో సంబంధం లేని రెండు మాటలు. రాతలో, ఉచ్చారణలో ఒకటయ్యాయి. రెండోది, దేవతను చెప్పే మాటకు అర్థం కాలంతోపాటు జారుతూ వచ్చింది. గ్రీకుల తొలి కావ్యాల్లో మ్యూజ్ పని అన్నిటికన్నా ముందు జ్ఞాపకం. కవికి ఊపునిచ్చే అందగత్తె అన్న అర్థం చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. ఆ కొత్త అర్థాన్ని పాత పద్యాల మీద రుద్దడం వల్లనే చదవడంలోనూ, అనువాదంలోనూ తప్పులు ఎక్కువగా జరుగుతున్నాయి.

క్రియ పుట్టింది మూతి నుంచి

ఆలోచనలో పడటం అనే అర్థమున్న క్రియ ఫ్రెంచి నుంచి వచ్చింది. పాత ఫ్రెంచిలో ‘మ్యుజే’ అంటే పనిలేకుండా నిలబడి చూస్తూ ఉండటం, కాలం గడపడం, ఏదో తలపోస్తూ ఉండిపోవడం. దీని మూలం జంతువు మూతిని చెప్పే మాట అని చాలా నిఘంటువులు అంటాయి. వాసన తప్పిన వేటకుక్క మూతి పైకెత్తి గాలిని పసిగడుతూ ఆగిపోతుంది కదా, ఆ భంగిమ నుంచి ఈ అర్థం వచ్చిందని వివరణ. కుక్క మూతికి కట్టే చిక్కాన్ని, తుపాకి గొట్టం కొసను ఇంగ్లీషులో ‘మజిల్’ అంటారు. అదీ ఈ కుటుంబమే. ఈ మూలం విషయంలో పండితులకు పూర్తి నిశ్చయం లేదు. కానీ పని లేని చూపు, ఆగిపోయిన నిలుపు అన్న ఛాయ మాత్రం ఆ క్రియలో నేటికీ ఉంది.

‘అమ్యూజ్’ దీని తోబుట్టువే. ఎదుటివాడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయేలా చేయడం దాని తొలి అర్థం. 17, 18 శతాబ్దాల యుద్ధ వర్ణనల్లో శత్రువును ‘అమ్యూజ్’ చేయడమంటే వాడి దృష్టి మళ్ళించి మోసగించడం. నవ్వించడంతో సంబంధం లేదు. ‘బిమ్యూజ్’ కూడా ఇక్కడిదే. అలెగ్జాండర్ పోప్ 1735లో బీరుతో ‘బిమ్యూజ్డ్’ అయిన మతగురువు ఒకడిని వర్ణించాడు, అంటే మత్తులో తబ్బిబ్బైనవాడు. నేడు చాలామంది దాన్ని ‘కాస్త నవ్వొచ్చింది’ అన్న అర్థంలో వాడుతున్నారు. పాత పుస్తకాల్లో ఆ అర్థం పెట్టి చదివితే వాక్యం తప్పుతుంది.

ఆలోచించడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియలు ఒకదానికొకటి బదులు రావు. ‘పాండర్’లో లాటిను తూకం ఉంది: అటూ ఇటూ బరువు వేసి చూడటం. ‘కాంటెంప్లేట్’లో గుడి ఉంది: శకునాలు చూసేందుకు పూజారి గీసుకున్న హద్దు లోపల కళ్ళు నిలపడం. ‘బ్రూడ్’లో గుడ్ల మీద కూర్చున్న పిట్ట ఉంది, దిగులుతో ఒకే సంగతిని వదలకుండా పొదగడం. ‘మ్యూజ్’లో లక్ష్యం లేదు, తీర్పు లేదు, దిగులు ఉండాల్సిన పని లేదు. మనసు ఒకచోట ఆగి తనంతట తాను తిరుగుతూ ఉంటుంది. అందుకే తెలుగులో దీనికి ‘ధ్యానం’ కన్నా ‘తలపోత’ దగ్గర మాట అని నా అభిప్రాయం. ధ్యానంలో మనసును ఒకదాని మీద కట్టిపడేసే ప్రయత్నం వినిపిస్తుంది. పరధ్యానం దానికి ఎదురు వైపు మరీ ఎక్కువగా వాలుతుంది. అక్కడ మనసు ఎక్కడుందో ఆ మనిషికే తెలియదు.

బైబిల్ అనువాదకులకు ఈ చిక్కు నేరుగా ఎదురైంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో 143వ కీర్తన అయిదో వచనంలో మూడు క్రియలు వరసగా వస్తాయి: గుర్తుచేసుకోవడం, ధ్యానించడం, మ్యూజ్ చేయడం. తెలుగు బైబిల్ వాటికి ‘జ్ఞాపకము చేసికొనుచున్నాను’, ‘ధ్యానించుచున్నాను’, ‘యోచించుచున్నాను’ అని మూడు వేర్వేరు మాటలు పెట్టింది. 39వ కీర్తనలో మాత్రం అదే ఇంగ్లీషు క్రియ ఉన్నచోట ‘ధ్యానించుచుండగా మంట పుట్టెను’ అని ఉంటుంది. అక్కడ లోపల అణచుకున్న మాట రాజుకుంటోంది కాబట్టి ‘యోచన’ చాలదు. ‘ధ్యానం’ వేడిని మోస్తుంది. ఒకే ఇంగ్లీషు క్రియ ఉన్న రెండు చోట్ల తెలుగులో రెండు మాటలు కుదిరిన మంచి ఉదాహరణ ఇది.

షేక్‌స్పియర్ కాలంలో ఈ క్రియకు మరో అర్థమూ ఉండేది: విస్తుపోవడం. తాను చంపించిన బాంకో దెయ్యాన్ని చూసి విందు మధ్యలో కేకలు పెట్టిన మాక్‌బెత్, అతిథులతో ‘డు నాట్ మ్యూజ్ ఎట్ మీ’ అంటాడు. ‘నా గురించి ఆలోచించకండి’ అని కాదు, ‘నన్ను చూసి విస్తుపోకండి’ అని. గుర్తు విభక్తిలో ఉంది. ఆన్, అపాన్, ఓవర్, అబౌట్ వస్తే తలపోత. ఎట్ వస్తే ఆశ్చర్యం. ఈ రెండో వాడుక తర్వాత పోయింది.

నేటి కథనంలో ఈ క్రియ ఎక్కువగా సంభాషణ వెనక తోకలా వస్తుంది. అనువదించేవాళ్ళు ‘అని ధ్యానించాడు’ అనో, ‘అని ఆలోచించాడు’ అనో రాస్తారు. రెండూ కుదరవు, ఎందుకంటే ఆ మాటలు సాధారణంగా పైకి వినిపించేవే. ఎదుటివాడికి చెప్పినట్టు కాకుండా వచ్చినవి, అంతే. ‘తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు’ అంటే సరిపోతుంది. ఎదుటివాళ్ళు ఆ మాటకు జవాబిస్తున్నారా లేదా అన్నది తర్వాతి వాక్యంలో చూసి, ‘అనుకున్నాడు’ అనాలో ‘అన్నాడు’ అనాలో తేల్చుకోవాలి.

జ్ఞాపకానికి కూతుళ్ళు

ఇక దేవత. గ్రీకులో ‘మూసా’, లాటినులో ‘మూజా’. ఈ మాట నుంచే సంగీతాన్ని చెప్పే ‘మ్యూజిక్’, ప్రదర్శనశాలను చెప్పే ‘మ్యూజియం’ వచ్చాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ రాజులు పోషించిన మూసెయోన్ వస్తువులు చూపించే చోటు కాదు. పండితులు రాజుగారి ఖర్చుతో తింటూ, చదువుతూ, పాఠాలు పరిష్కరిస్తూ ఉండే మ్యూజ్‌ల నిలయం.

క్రీస్తు పూర్వం 700 ప్రాంతంలో గ్రీకు కవి హెసియాడ్ దేవతల పుట్టుక చెబుతూ కూర్చిన థియోగొని ప్రకారం మ్యూజ్‌లు తొమ్మిదిమంది. తండ్రి దేవతల రాజు జ్యూస్, తల్లి నెమోసినే. ఆ తల్లి పేరుకు అర్థం జ్ఞాపకం. మన మనస్సు, మతి, మంత్రం ఏ ధాతువు నుంచి వచ్చాయో ఆ ఇండో యూరోపియన్ ధాతువుకే చెందిన పేరు అది. మూసా కూడా అక్కడిదేనని కొందరు భాషావేత్తలు అంటారు. అది తేలని వాదం. పేరు సంగతి ఎలా ఉన్నా, తల్లి ఎవరో హెసియాడ్ తేటగా చెప్పాడు. కవిత్వం జ్ఞాపకానికి పుట్టింది.

ఎందుకలా అన్నది హోమర్ ఇలియడ్ రెండో సర్గలో కనిపిస్తుంది. ట్రాయ్ మీదికి వచ్చిన 29 పటాలాలను, వాటి నాయకులను, ఊళ్ళను, దాదాపు 1200 ఓడలను వరసపెట్టి చెప్పే ముందు కవి ఆగి మ్యూజ్‌లను పిలుస్తాడు. మీరు దేవతలు, అక్కడే ఉన్నారు, మీకన్నీ తెలుసు. మాకు వినికిడే తప్ప తెలిసింది లేదు. పది నాలుకలు, పది నోళ్ళు, కంచు గుండె ఉన్నా మీరు గుర్తుచేయకపోతే ఆ సైన్యం పేర్లు చెప్పలేను అంటాడు. అతను అడుగుతున్నది ఉద్వేగం కాదు, అందమైన పోలికలూ కాదు. పేర్లు, లెక్కలు. కాగితం చూడకుండా వేల పంక్తులు పాడే గాయకుడు తడబడితే పరువు పోయేది అలాంటి జాబితాల దగ్గరే, కాబట్టి సాయం అక్కడే అడిగాడు. దేవత అక్కడ ప్రత్యక్ష సాక్షి.

కాబట్టే వాళ్ళ శిక్ష కూడా జ్ఞాపకం మీదనే పడుతుంది. మ్యూజ్‌లనే పాటలో గెలుస్తానని గొప్పలు పోయిన థామిరిస్‌కు వాళ్ళు పాట తీసేసి, వీణ వాయించడం మరిచిపోయేలా చేశారని అదే సర్గలో ఉంది. ఒడిస్సీలో డెమోడొకస్‌కు కళ్ళు తీసుకుని తీయని పాట ఇచ్చింది మ్యూజ్. అదే కావ్యం చివర, ప్రాణభయంతో ఒడిస్యూస్ కాళ్ళ మీద పడిన గాయకుడు ఫీమియస్ చెప్పిన మాట నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది: నేను నాకు నేనే నేర్చుకున్నాను, దేవుడు నా మనసులో అన్ని రకాల పాటల దారులూ నాటాడు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని అతనికి అనిపించలేదు. సాధన తనది, దారి దేవుడిది. దైవస్ఫూర్తి ఉంటే శ్రమ ఉండదన్న ఆలోచన హోమర్‌లో లేదు.

హెసియాడ్ దగ్గర ఊదడం అన్న చిత్రం వస్తుంది. హెలికాన్ కొండ కింద గొర్రెలు కాస్తున్న తనకు మ్యూజ్‌లు కనబడి, మీరు ఉత్త కడుపులు అని తిట్టి, లారెల్ చెట్టు కొమ్మను చేతికిచ్చి, జరగబోయేదీ జరిగిందీ పాడేందుకు దివ్యమైన గొంతును తనలోకి ఊదారంటాడు. లాటినులో ఊదడం అనే క్రియ నుంచి వచ్చిన ‘ఇన్‌స్పిరేషన్’ వెనక ఉన్నది ఈ చిత్రమే. ఆ మ్యూజ్‌లే ఇంకో మాట కూడా అంటారు: నిజంలా కనిపించే అబద్ధాలు ఎన్నో చెప్పగలం, తలుచుకుంటే నిజాలూ చెప్పగలం. తాను విన్నది ఏ రకమో కవికే తెలియకపోవచ్చునని అంత పాతకాలంలోనే ఒక కవి రాసి పెట్టాడు.

తొమ్మిదిమందికి తొమ్మిది శాఖలు పంచిన పట్టిక పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది: చరిత్రకు క్లయో, ఇతిహాసానికి కాలియోపీ, విషాదనాటకానికి మెల్పొమీనీ, హాస్యనాటకానికి థాలియా, నృత్యానికి టెర్ప్సికొరీ, ప్రేమకవిత్వానికి ఎరాటో, వేణువుకు యూటర్పీ, స్తోత్రాలకు పాలిహిమ్నియా, ఖగోళానికి యురేనియా. హెసియాడ్ పేర్లు ఇచ్చాడు, పట్టిక ఇవ్వలేదు. ఈ పంపకం చాలా తర్వాత, రోమన్ల కాలానికి స్థిరపడింది. హోమర్ ‘మ్యూజ్’ అని పిలిచినచోట ‘అంటే కాలియోపీ’ అని పాదసూచిక పెట్టడం అందుకే పొరపాటు.

క్రీస్తు శకం 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ హెలికాన్ గురించి రాస్తూ, అక్కడ మొదట కొలిచింది ముగ్గురు మ్యూజ్‌లనే అని చెప్పాడు: మెలెటీ, నీమీ, అయొయిడీ. వరసగా సాధన, జ్ఞాపకం, పాట. మెలెటీ అన్న మాటకు మననం అన్న అర్థమూ ఉంది, అభ్యాసం అన్న అర్థమూ ఉంది. మన అలంకార శాస్త్రంలో మమ్మటుడు కావ్యానికి కారణాలు చెబుతూ శక్తిని, లోకాన్నీ శాస్త్రాలనూ చూడటం వల్ల వచ్చే నిపుణతను, అభ్యాసాన్ని కలిపి ఒకే హేతువు అన్నాడు. ఈ రెంటికీ చారిత్రక సంబంధం ఉందనడం లేదు. మననం, అభ్యాసం దేవతగా నిలిచిన చోటు గ్రీసులోనూ ఒకటుందని తెలిస్తే మ్యూజ్ అంటే గాలివాటంగా వచ్చే మెరుపని అనుకోం.

ఆ మెరుపు సిద్ధాంతానికి గట్టి రూపం ఇచ్చినవాడు ప్లేటో. అయాన్ సంభాషణలో సోక్రటీస్ సూదంటురాయిని చూపిస్తాడు. రాయి ఒక ఇనుప ఉంగరాన్ని లాగితే, ఆ ఉంగరం మరో ఉంగరాన్ని, అది ఇంకోదాన్ని పట్టుకుని వేలాడతాయి. మ్యూజ్ ఆ రాయి. కవి మొదటి ఉంగరం, కావ్యం వినిపించేవాడు నడిమి ఉంగరం, శ్రోత చివరిది. బుద్ధి తనలో ఉన్నంతసేపు కవి పాడలేడు అంటాడు సోక్రటీస్. చాలామంది దీన్ని కవికి పొగడ్తగా ఉదహరిస్తారు. సంభాషణ మొత్తం చదివితే ఉద్దేశం వేరని తెలుస్తుంది: మీకు తెలిసి చెప్పడం లేదు, కాబట్టి మీ మాట జ్ఞానం కాదు. హోమర్‌లో కవికి వివరాలు అందించిన మ్యూజ్, ప్లేటో చేతిలో కవికి ఏమీ తెలియదనడానికి రుజువైంది.

పిలుపులోని భాగాలు

ఇతిహాసం మొదట్లో వచ్చే పిలుపుకు లెక్కగా కొన్ని భాగాలుంటాయి: వస్తువును చెప్పే కర్మపదం, పాడమనో చెప్పమనో ఒక ఆజ్ఞ, దేవతకు సంబోధన, వస్తువును విస్తరించే ఉపవాక్యం, చివర ఎందుకు జరిగింది, ఎవరు కారణం అన్న ప్రశ్న. గ్రీకులో వస్తువే మొదటి మాట. ఇలియడ్‌లో అది ‘ఆగ్రహం’, ఒడిస్సీలో ‘మనిషి’. ఇంగ్లీషు అనువాదకులు ఈ వరస నిలబెట్టడానికి చాలా అవస్థపడతారు. తెలుగుకు ఆ బాధ లేదు. ‘ఆగ్రహాన్ని గానం చెయ్యి, దేవీ, పీలియస్ కొడుకు అకిలిస్ ఆగ్రహాన్ని’ అంటే సహజంగానే ఉంటుంది. మిల్టన్ పారడైజ్ లాస్ట్‌లో వస్తువునంతా అయిదు పాదాల్లో పేర్చి ‘సింగ్’ అన్న క్రియను ఆరో పాదంలో పెట్టాడు. ఇంగ్లీషు పాఠకుడు ఊపిరి బిగబట్టాలి. తెలుగు పాఠకుడికి క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం పుట్టుకతో వచ్చిన అలవాటు. అందువల్ల ఈ పాదాలను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘ఓ దేవీ, పాడు’ అని ముందుకు లాక్కురావద్దు. మూలంలోని బలం అంతా పోతుంది.

ఇక మ్యూజ్‌ను సరస్వతి అనవచ్చా? ఇదే ప్రశ్న రోమన్లకు ఎదురైంది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఒడిస్సీని లాటినులోకి తెచ్చిన లివియస్ ఆండ్రోనికస్, మొదటి పాదంలో మ్యూజ్ బదులు ‘కమేనా’ అని పెట్టాడు. కమేనాలు రోమ్‌లో స్థానికంగా కొలిచే నీటిఊట దేవతలు. ఒక తరం తర్వాత ఎన్నియస్ తన ఇతిహాసాన్ని గ్రీకు మ్యూజ్‌లనే పిలుస్తూ మొదలుపెట్టాడు. వర్జిల్ ఈనీడ్‌లో ‘మూజా’ అనే అన్నాడు, అదీ ‘కారణాలు గుర్తుచెయ్యి’ అని. స్థానిక దేవతను పెడితే చదివేవాడికి వెంటనే దగ్గరవుతుంది. కానీ తల్లి జ్ఞాపకమని, వాళ్ళు తొమ్మిదిమందని, అబద్ధం కూడా చెప్పగలరని చెప్పే కథలన్నీ తెగిపోతాయి. సరస్వతి విషయంలో ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. ఆమె విద్యకంతటికీ అధిదేవత, నేటికీ పూజలందుకుంటున్న దేవత. మిల్టన్ దేవతకు ఆ పేరు పెడితే క్రైస్తవ కావ్యం రూపమే మారిపోతుంది. నా మటుకు, పద్యంలో ‘వాణి’ అన్న సామాన్య పదం వాడి, మొదటిసారి వచ్చినప్పుడు వివరణ ఇవ్వడం మేలు. గద్యంలో ‘మ్యూజ్’ అనే ఉంచేయాలి.

తెలుగు కావ్యాల అవతారికల్లో పని చేసే దైవం సాధారణంగా వేరే తీరులో వస్తుంది. తిక్కనకు హరిహరనాథుడు, శ్రీకృష్ణదేవరాయలకు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యం అడిగారు. దైవం అక్కడ కావ్యాన్ని కోరేవాడు, అందుకునేవాడు. మ్యూజ్ ఎప్పుడూ కావ్యాన్ని అందుకోదు, ఇస్తుంది. పోతన ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’ అన్నది మాత్రం మ్యూజ్ భావానికి చాలా దగ్గర: గొంతు నాది, మాట వేరొకరిది. ఆ పద్యం తెలిసిన వారికి మిల్టన్ పిలుపు పరాయిగా అనిపించదు.

ఇంగ్లీషులో అర్థం జారిన తీరు

1590లో స్పెన్సర్ ఫెయిరీ క్వీన్ మొదటి రెండు పాదాల్లో ‘నా మ్యూజ్ ఇన్నాళ్ళూ గొర్రెలకాపరి వేషంలో ఉండేది’ అన్నాడు. అంటే తాను ఇంతకుముందు రాసినవి గోపకావ్యాలు అని. అక్కడ మ్యూజ్ దేవతా కాదు, మనిషీ కాదు. ఆ కవి రాసే తరహా. మరుసటి పద్యంలోనే ‘తొమ్మిదిమందిలో పెద్దదానా’ అని అసలు దేవతను పిలుస్తాడు. రెండు అర్థాలు పక్కపక్కనే ఉన్నాయి. మరుసటి ఏడు అచ్చైన ఫిలిప్ సిడ్నీ సానెట్లలో మొదటిది ఇంకా ముందుకు వెళ్ళింది. ఇతరుల పుస్తకాలు తిరగేస్తూ, కలం కొరుకుతూ కూర్చున్న కవిని అతని మ్యూజ్ ‘తెలివితక్కువవాడా, నీ గుండెలోకి చూసి రాయి’ అని కసురుతుంది. దేవత వచ్చి, నా దగ్గర ఏమీ లేదు, నీలోనే చూసుకో అని చెప్పి వెళ్ళిపోయిన పద్యం అది.

షేక్‌స్పియర్ సానెట్లు 1609లో అచ్చయ్యాయి. 38వది ఈ మాటకు మంచి పాఠం. ‘నువ్వు ఊపిరి తీస్తుండగా నా మ్యూజ్‌కు వస్తువు కొరత ఎలా వస్తుంది’ అని మొదలవుతుంది. అక్కడ మ్యూజ్ కవి ప్రతిభ. నడుమ ‘నువ్వే పదో మ్యూజ్‌వి కా’ అని యువకుడిని అంటాడు. అక్కడ మ్యూజ్ ఎదుటి మనిషి. చివర ‘నా అల్పమైన మ్యూజ్’ అన్నప్పుడు మళ్ళీ ప్రతిభ, లేదా పద్యమే. 21వ సానెట్‌లో ‘పూసుకున్న అందం చూసి తన పద్యం రాసే ఆ మ్యూజ్‌లా కాదు నేను’ అంటాడు. ఆ ‘తన’ అన్నచోట ఇంగ్లీషులో పురుషవాచక సర్వనామం ఉంది. కాబట్టి ఆ మ్యూజ్ మరో కవి. మిల్టన్ 1637లో రాసిన లిసిడస్‌లోనూ ఇంతే: ఎవరైనా దయగల మ్యూజ్ నా సమాధి దగ్గర ఆగి ఓ మంచిమాట అంటాడేమో అన్నచోట ‘హీ’ ఉంది. సర్వనామం చూడకుండా దేవత అని రాసేస్తే పద్యం తలకిందులవుతుంది.

పదో మ్యూజ్ అన్న పొగడ్త పాతది. గ్రీకు కవయిత్రి సాఫోను అలా అన్న ముక్తకం ఒకటి ప్లేటో పేరు మీద చెలామణి అయింది. 1650లో లండన్‌లో అచ్చైన ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కవితలకు ‘అమెరికాలో కొత్తగా మొలిచిన పదో మ్యూజ్’ అని పేరు పెట్టారు. స్త్రీ పద్యం రాస్తే కవి అనకుండా మ్యూజ్ అనడంలో గౌరవం ఉంది, కానీ ఆమెను కవుల వరసలోంచి తప్పించడమూ ఉంది.

పారడైజ్ లాస్ట్ 1667లో వచ్చింది. మిల్టన్ 1652 నాటికే పూర్తిగా చూపు కోల్పోయాడు. గ్రీకు దేవతలను నమ్మని క్రైస్తవుడు. అయినా ఇతిహాసానికి పిలుపు కావాలి. మొదటి భాగంలో హోరేబు, సీనాయి కొండల మీద మోషేకు పలికించిన దైవాన్ని ‘హెవన్లీ మ్యూజ్’ అన్నాడు. ఏడో భాగంలో యురేనియా అని పిలుస్తూనే, నేను పిలిచేది పేరును కాదు, అర్థాన్ని. నువ్వు ఆ తొమ్మిదిమందిలో దానివి కాదు అని చెప్పుకున్నాడు. తొమ్మిదో భాగంలో ఆమె అడగకుండానే రాత్రిపూట వచ్చి నిద్రలో చెప్పి వెళుతుందంటాడు. ఇది అలంకారం మాత్రమే కాదు. రాత్రి మనసులో కూడిన పాదాలను పొద్దున్నే ఎవరో ఒకరి చేత రాయించుకునేవాడని తొలి జీవితచరిత్రకారులు రాశారు. చూపు లేని కవికి జ్ఞాపకమే కాగితం. హోమరు కాలపు మ్యూజ్ పని ఆయన దగ్గర మళ్ళీ అక్షరాలా అవసరమైంది.

1751 నాటి గ్రే ఎలిజీలో ‘మ్యూజ్ మంట దగ్గర వెలిగించిన ధూపం’ అంటే ధనికుల ముందు అర్పించిన కవిత్వం; కొన్ని పద్యాల తర్వాత వచ్చే ‘అన్‌లెటర్డ్ మ్యూజ్’ ఇందాక చెప్పిన పల్లెటూరి మనిషి. 1821లో బైరన్ డాన్ జువాన్ మూడో సర్గ మొదట ‘జయం, మ్యూజ్! వగైరా’ అని తేల్చి కథలోకి వెళ్ళిపోయాడు. పిలుపు అనే సంప్రదాయం పాఠకుడికి ఎంత అలవాటైపోయిందంటే, మిగతాది ‘వగైరా’తో పూరించుకోగలడు.

మనిషిని మ్యూజ్ అనడం

బియాట్రిస్ డాంటేకు మ్యూజ్, లారా పెట్రార్క్‌కు మ్యూజ్ అని నేడు తేలిగ్గా రాస్తారు. డాంటే ఇన్‌ఫెర్నో రెండో సర్గలో మ్యూజ్‌లను విడిగా పిలిచాడు. బియాట్రిస్ ఆ సర్గలోనే వేరే పనితో వస్తుంది: అతన్ని కాపాడమని వర్జిల్‌ను పంపుతుంది. ఆమె కావ్యంలో పాత్ర. ప్రియురాలిని దేవత స్థానంలో కూర్చోబెట్టే అలవాటు రొమాంటిక్ యుగం, దాని తర్వాతి చిత్రకారులతో బలపడింది. 1948లో రాబర్ట్ గ్రేవ్స్ వైట్ గాడెస్‌లో దాన్ని సిద్ధాంతంగానే చెప్పాడు.

దీనివల్ల జరిగే నష్టానికి ఎలిజబెత్ సిడల్ కథ చాలు. ఇంగ్లీషు చిత్రకారుడు మిల్లే 1851-52లో వేసిన ఒఫీలియా చిత్రం కోసం నీళ్ళ తొట్టెలో పడుకున్నది ఆమే. కవి, చిత్రకారుడు రోసెట్టి ఆమెను లెక్కలేనన్నిసార్లు గీశాడు. ఆమె స్వయంగా బొమ్మలు వేసింది, కవితలు రాసింది. కానీ చాలాకాలం ఆమె పేరు పక్కన ‘మ్యూజ్’ అన్న ఒక్కమాటే మిగిలింది. రోసెట్టి చెల్లెలు క్రిస్టీనా 1856లో ఒక సానెట్ రాసింది, అది ఆమె పోయాక 1896లో అచ్చయింది. చిత్రకారుడి బొమ్మలన్నిటిలోంచీ ఒకే ముఖం చూస్తోందని మొదలై, ఉన్న ఆమెలా కాదు, అతని కలను నింపే ఆమెలా అని ముగుస్తుంది. కూర్చున్న మనిషికీ, గీసిన వాడి కోరికకూ మధ్య ఉన్న దూరాన్ని ఇంత సూటిగా చెప్పిన పద్యం నాకు మరొకటి తెలియదు. 1924లో రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా ఈ సంబంధాన్ని మరో వైపు తిప్పింది. కవి స్త్రీ, వచ్చేదీ స్త్రీయే. డాంటేకు నరకం పుటలు చెప్పి రాయించింది నువ్వేనా అని అడిగితే వచ్చిన జవాబు ఒక్కటే మాట: నేనే.

తెలుగు భావకవిత్వంలో దేవులపల్లి కృష్ణశాస్త్రి ఊర్వశి ఈ రొమాంటిక్ మ్యూజ్‌కు దగ్గరి రూపం; ప్రేయసీ, కవితా అక్కడ విడదీయలేం. నండూరి సుబ్బారావు ఎంకిని మాత్రం అలా అనకూడదు. ఎంకి పాటల్లో మాట్లాడే, అలిగే, నడిచే పాత్ర.

చదివేటప్పుడు చూడాల్సినవి

వాక్యంలో ఈ మాట కనిపించగానే ముందు అది క్రియా, నామవాచకమా అని తేల్చుకోవాలి. నామవాచకమైతే సంబోధన ఉందా, ఆజ్ఞ ఉందా చూడాలి. రెండూ ఉంటే దేవత. ముందు ‘నా’, ‘అతని’ అని ఉంటే చాలావరకు ప్రతిభ, లేదా రచనా ధోరణి. ‘హీ’, ‘హిజ్’ వెంట వస్తే కవి. ‘ఫలానా వారి మ్యూజ్’ అని బతికున్న మనిషిని చెబితే ఆధునిక అర్థం. పెద్ద అక్షరాన్ని నమ్ముకోవద్దు. 17, 18 శతాబ్దాల అచ్చులో మామూలు నామవాచకాలకు కూడా పెద్ద అక్షరం వేసేవారు. నేటి కూర్పుల్లో ఆ అక్షరం సంపాదకుడి నిర్ణయం కావచ్చు.

తెలుగులో పెట్టేటప్పుడు దేవతకు ‘వాణి’ లేదా మ్యూజ్, ప్రతిభకు ‘కవితాశక్తి’ లేదా ‘నా కలం’, కవికి ‘కవి’, ఆధునిక వ్యక్తికి ‘స్ఫూర్తినిచ్చిన మనిషి’ అనో, సందర్భం ఒప్పుకుంటే అసలు పనిని చెబుతూ ‘మోడల్‌గా కూర్చున్న చిత్రకారిణి’ అనో రాయవచ్చు. ‘ప్రేరణ’ అన్న మాటను అన్నిచోట్లా పెట్టడం మానుకోవాలి. ఆ మాటకు ముఖం లేదు, గొంతు లేదు, సిడ్నీని కసరలేదు.

వీటిలో ఏ గుర్తూ పని చేయని చోటు ఒకటుంది. కీట్స్ 1819లో రాసిన నైటింగేల్ గీతంలో మరణాన్ని ‘మెనీ ఎ మ్యూజెడ్ రైమ్’లో మెత్తని పేర్లతో పిలిచానంటాడు. రూపాన్ని బట్టి అది క్రియ నుంచి వచ్చిన విశేషణం: తలపోసిన పద్యాలు. చెవికి మాత్రం దేవత కూడా వినిపిస్తుంది: మ్యూజ్ తాకిన పద్యాలు. కవి రెండూ ఉద్దేశించాడనే నేననుకుంటాను. తెలుగులో రెంటినీ మోసే ఒక్క మాట లేదు. ‘తలపోతల పద్యాలెన్నిటిలోనో’ అంటే మొదటిది నిలుస్తుంది. పద్యమంతా చీకట్లో ఒంటరిగా వింటున్న మనిషిది కాబట్టి, ఒకటే ఎంచుకోవాల్సి వస్తే నేను దానినే ఎంచుకుంటాను.